కుక్కతులసి నూనె

దస్తగిరికి ఒక్క సంగతి మాత్రం ఎన్నాళ్లకీ మింగుడుపడలేదు. తను ఎండనపడి గుట్ట ఎక్కి, మోపులు మోపులుగా ఆకు కోసుకొచ్చి, రాగి డేగిసాలో ఆవిరి పట్టి, చుక్కచుక్కగా దించిన నూనెని హుసేనయ్య సామి తీసుకుపోయి నువ్వుల నూనెలో కలిపేసేవాడు. అదీ ఎంత? సేరు నువ్వుల నూనెకి మూడు చెంచాలు.

తేనెగుట్ట కింద దర్గా పక్కనే ఒక రేకుల పంచ ఉంది. సామి రోజూ పొద్దున్నే అందులో కూర్చుని, వచ్చినవాళ్ల కాళ్ల పుళ్లకి కట్లు కట్టేవాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒకప్పుడు కుష్టు సోకి, ఆస్పత్రి మాత్రలతో నయమైనవాళ్లు. రోగం పోయింది గానీ పోతూ పోతూ కాళ్లలో స్పర్శని వెంటబెట్టుకుపోయింది. ముల్లు దిగినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. తెలియకుండానే పుండు పడుతుంది, తెలియకుండానే లోపలికి తొలుస్తుంది.

సామి తాతముత్తాతలు దూది ఏకి బతికినవాళ్లు. పుళ్లకి పెట్టే దూది ఇప్పటికీ ఆయనే ఏకుకునేవాడు. ఒక్కో కాలిని ఒళ్లో పెట్టుకుని గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, ఆ తర్వాత తన చేతి వెనకవైపుతో పాదమంతా నిదానంగా తడిమేవాడు. ముందు ఈ కాలు, తర్వాత ఆ కాలు, మళ్లీ ఈ కాలు. నొప్పిగా ఉందా అని మాత్రం ఒక్కరినీ అడిగేవాడు కాదు. మీ ఊళ్లో వాన పడిందా, మేక ఈనిందా, కోడలు మాట్లాడుతోందా అని అడిగేవాడు. ఇదేం మనిషి, నొప్పి సంగతి ఒక్క మాటైనా అడగడు అని దస్తగిరి మొదట్లో అనుకున్నాడు. గురువు గురించి అలా అనుకోకూడదని తనకి తనే చెప్పుకుని ఊరుకున్నాడు.

దస్తగిరి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మందుల కంపెనీలో ఏడాది పనిచేశాడు. వాళ్ల నాయనమ్మ కాలి పుండు ఈ పంచలో మానడం కళ్లారా చూశాక ఉద్యోగం మానేసి వచ్చి సామి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ నూనె గుట్టేమిటో తెలుసుకోవాలని అతని కోరిక. కుక్కతులసి పూజకి పనికిరాదు, మేక కూడా ముట్టదు. బీళ్లలో, రాళ్ల సందుల్లో దానంతటదే మొలుస్తుంది. ఆకు నలిపితే మాత్రం కర్పూరమూ నిమ్మతొక్కా కలిపి నూరినట్టు ముక్కు అదిరిపోతుంది. ఎవరికీ అక్కరలేని మొక్కలో ఇంత పదును ఉందంటే దస్తగిరికి ఎక్కడలేని ముచ్చట.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంత పల్చన చేస్తే దానికి బలం ఏముంటాది సామీ?"

"మా సామి ఇట్లే కలిపినాడు. నేనూ ఇట్లే కలుపుతాండా."

"ఆయనకి ఎట్లా తెలిసింది?"

"అది నేను అడగలేదు నాయనా. కాళ్లు మానుతాంటే చూసినా."

చదువుకున్నవాడికి ఇలాంటి జవాబు జవాబు కాదు. దస్తగిరి రెండు సీసాలు తీసుకుని పట్నం బస్సెక్కాడు. ఒకదాంట్లో చుక్క నీళ్లయినా కలవని అసలు నూనె, ఇంకోదాంట్లో సామి కలిపిన నువ్వుల నూనె. తను చదివిన యూనివర్సిటీలో స్నేహితుడొకడు పరిశోధన చేస్తున్నాడు. వారం రోజులు అతని గదిలోనే పడుకుని పరీక్షలన్నీ చేయించుకుని తిరిగివచ్చాడు.

వచ్చీ రాగానే ఒక పొడుగాటి కాగితం సామి ముందు పరిచాడు. యంత్రం గీసిన గీత అందులో ఎగుడుదిగుడుగా పోతోంది.

"కొండలు బాగా గీసినారే. మన గుట్ట కంటే ఎత్తుగా ఉండాయి" అన్నాడు సామి.

"ఒక్కో కొండ ఒక్కో పదార్థం సామీ. ఈ పెద్దది కర్పూరం. ఇది నిమ్మవాసన ఇచ్చే సిట్రాల్. ఈ చిన్నది లవంగంలో ఉండే యూజినాల్. ఇట్లా ముప్పై దాకా ఉండాయి."

సామి వేలితో ఒక్కో కొండనీ తాకుతూ పోయాడు. ఆయనకి నిజంగానే సంబరంగా ఉంది. "ఈ ఆకు పూతకు ముందు కోసింది గదా. పూత వచ్చినాక కోస్తే ఈ కొండలు ఇట్లే ఉంటాయా?"

"ఉండవు సామీ. ఎత్తులు మారతాయి. నేల మారినా మారతాయి."

"అంటే అది కూడా మన మాదిరే" అన్నాడు సామి.

దస్తగిరి అసలు సంగతి అప్పుడు బయటపెట్టాడు. ఫోనులో ఫొటో చూపించాడు. గుండ్రటి గాజుపళ్లెం నిండా చీము పట్టించే సూక్ష్మజీవులు పల్చటి మీగడలా పరుచుకున్నాయి. వాటి నడుమ రెండు కాగితపు బిళ్లలు. సామి నువ్వుల నూనెలో ముంచిన బిళ్ల చుట్టూ దారమంత ఖాళీ ఉందో లేదో అన్నట్టు ఉంది. అసలు నూనెలో ముంచిన బిళ్ల చుట్టూ మాత్రం ఒక్క పురుగు లేకుండా పెద్ద వలయం, కడిగిన అద్దంలా ఖాళీగా మెరుస్తోంది.

"చూసినారా సామీ. ఇన్నేండ్లూ మందుని మనమే చేతులారా చంపుకుంటున్నాం."

సామి ఫొటో వంక చూశాడు. "బలే పదును" అన్నాడు. ఫోను తిరిగి ఇచ్చి, కాగితం జాగ్రత్తగా మడిచి దస్తగిరి చేతిలో పెట్టి, తర్వాతి మనిషి కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. మర్నాడు మళ్లీ సేరుకి మూడు చెంచాలే.

దస్తగిరికి తల కొట్టేసినట్టయింది. అవును అనడు, కాదు అనడు, అలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆ రోజుల్లోనే నాగన్న కాలు ముదిరింది. నాగన్న గొర్రెల కాపరి, యాభై దాటినవాడు, కుష్టు సోకి నయమైనవాడు, ఒంటిమనిషి. ఇరవై రెండు గొర్రెలే అతని సంసారం. ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత పుండు ఆరునెలలుగా మానకుండా చీము కారుతోంది. పట్నం ఆస్పత్రి డాక్టరమ్మ ఈసారి కచ్చితంగా చెప్పేసింది. వచ్చే సోమవారానికల్లా చీము ఆగకపోతే, పుండు ఎముకని పట్టేలోగా మడమ పైదాకా కాలు తీసేయాలి. వేరే దారి లేదు.

"కాలు పోతే గొర్రెల ఎనక ఎవురు పోతారు? గొర్రెలు పోతే నేనెందుకు?" అన్నాడు నాగన్న. ఏడవలేదు. ధర అడిగినంత మామూలుగా అడిగాడు. దస్తగిరికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే సామి తన గురువు ఉరుసుకి పక్క జిల్లాకి పోవాల్సి వచ్చింది. మూడు రోజులు.

"నూనె కుండలో ఉండాది. దూది డబ్బాలో ఉండాది. దేనికీ తొందరపడొద్దు నాయనా" అని చెప్పి బస్సెక్కాడు.

తొందరపడక ఎలా? సోమవారం నాలుగు రోజుల్లో ఉంది. దస్తగిరి కుండ ముట్టలేదు. గూట్లోంచి అసలు నూనె సీసా తీశాడు. దూది బాగా ముంచి నాగన్న మడమ మీద పెట్టి గట్టిగా కట్టాడు. ఘాటుకి తన కళ్లే చెమర్చాయి.

"మండుతాందా మామా?"

"ఏం లేదు నాయనా."

పొద్దునా సాయంత్రమూ కొత్త దూది పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ అడిగాడు. ప్రతిసారీ నాగన్న నవ్వుమొహంతో ఏం లేదన్నాడు. రెండో రోజుకి చీము తగ్గింది. మూడో రోజుకి వాసన కూడా పోయింది. దస్తగిరి కాళ్లు నేల మీద ఆనలేదు. కట్టు మార్చేటప్పుడు పుండు అంచులు తెల్లబడటం అతను చూడకపోలేదు. పాత తోలు పోయి కొత్త తోలు వస్తోందనుకున్నాడు. మనిషికి ఏది కావాలో కంటికీ అదే కనిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున సామి తిరిగివచ్చి, మొహం కూడా కడుక్కోకుండా నాగన్న కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పాడు.

చీము లేదు, వాసన లేదు. అంతవరకూ పళ్లెం చెప్పినట్టే జరిగింది. కానీ పుండు చుట్టూ ఉన్న మంచి చర్మం ఉడికిపోయి, తెల్లగా పొక్కి, దూదితో పాటు ఊడి వచ్చింది. రూపాయి బిళ్లంత పుండు ఇప్పుడు అరచేతిలో సగం ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది తన చేతిమీదుగా జరుగుతుందని దస్తగిరి కలలో కూడా అనుకోలేదు.

సామి పుండు కడిగాడు, కుండలో నూనె రాశాడు, వదులుగా కట్టు కట్టి నాగన్నని దర్గా అరుగు మీద పడుకోమని పంపాడు. సామి తిడితే బాగుండునని దస్తగిరి అనుకున్నాడు. ఆ తిట్టు రాలేదు.

"ఆ సీసా ఇట్లా తే" అన్నాడు సామి.

తెచ్చాడు. సామి దూది అందులో ముంచి, తన ఎడమ ముంజేతి లోపలివైపు పెట్టుకుని, గుడ్డ చుట్టి, పళ్లతో ముడి బిగించాడు.

"సామీ, వద్దు."

"రాండప్పా, తర్వాత ఎవురు?" అన్నాడు సామి పంచ బయట కూర్చున్నవాళ్లని చూసి.

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. సామి కాళ్లు కడుగుతున్నాడు, దూది పెడుతున్నాడు, ఊళ్లో వానల సంగతి అడుగుతున్నాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. దస్తగిరికి నీళ్లు అందించడం కూడా చేతకావడం లేదు. చూపు ఆ ముడి మీదనే ఉంది.

"మండుతాందా సామీ?" అన్నాడు చివరికి.

"ఏం లేదు నాయనా."

ఇంకో ఇద్దరికి కట్లు అయ్యాయి. దస్తగిరి మళ్లీ అడిగాడు.

"ఏం లేదు."

అదే మాట. నాగన్న నోటి నుంచి మూడు రోజులు విని మురిసిపోయిన మాట. మధ్యాహ్నం నమాజుకి ఇంకా గంట ఉందనగా దస్తగిరి ఇక ఆగలేకపోయాడు. చనువు తీసుకోకూడదన్న సంగతి కూడా మరిచి సామి చెయ్యి లాక్కుని ముడి విప్పేశాడు. ముంజేయి లోపల చర్మం కందిపోయి, మధ్యలో నీటిపొక్కులు లేచి ఉన్నాయి.

"నేను ఏం లేదంటాంటే ఎందుకు విప్పినావు?"

"మిమ్మల్ని చూస్తా ఊరుకోలేకపోయినా సామీ."

సామి ఆ చేతికి నువ్వుల నూనె రాసుకున్నాడు. రాసుకునేటప్పుడు మాత్రం ఒక్కసారి కళ్లు మూసుకున్నాడు.

"పళ్లెం అబద్ధం చెప్పలేదు. దాంట్లో పురుగులు తప్ప ఇంకేం లేవు, పురుగుల సంగతి చెప్పింది" అన్నాడు. "పో. పోయి నాగన్నకు జరిగింది చెప్పు."

పంచ నుంచి అరుగు దాకా ఇరవై అడుగులు. దస్తగిరి జీవితంలో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. నాగన్న పక్కన కూర్చుని, తలొంచుకుని, ఏ నూనె పెట్టాడో, ఎందుకు పెట్టాడో, కాలికి ఏమైందో అన్నీ చెప్పాడు. "మండడం లేదన్నావు మామా. నమ్మినా. నీకు తెలియదని నాకు తెలిసి ఉండాల్సింది" అన్నాడు.

నాగన్న తన కట్టు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఈ కాలికి నొప్పి పోయి పన్నెండేండ్లయింది నాయనా. అప్పటి నుంచి నొప్పిగా ఉందా అని నన్ను ఎవురూ అడగలా. నువ్వు పూటపూటకీ అడుగుతాంటివి. మంచిగా అనిపించింది. అందుకే ఏం లేదని చెప్తాంటి."

దస్తగిరి ఏడ్చాడు. పాతికేళ్ల మనిషి, ఎమ్మెస్సీ చదివినవాడు, దర్గా అరుగు మీద అందరూ చూస్తుండగా ఏడ్చాడు. నాగన్న అతన్ని ఓదార్చలేదు, కసురుకోనూ లేదు. కాలు కాస్త పక్కకి జరిపి, అతను కూర్చోడానికి చోటిచ్చాడు.

సోమవారం ముగ్గురూ ఆస్పత్రికి పోయారు. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి అదిరిపడింది. ఎవరు చేశారని అడిగింది. దస్తగిరి ముందుకొచ్చి చెప్పాడు.

"ఏం చదివావు?"

చెప్పాడు. ఆ ప్రశ్న అతనికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆమె పుండుని నాలుగు వైపులా పరీక్షించింది. ఎముక దాకా పోలేదు, చీమూ లేదు. అందుకని నలభై ఐదు రోజులు గడువిచ్చింది. ఒక్క షరతు. ఈ కాలు ఒక్క పూట కూడా నేల మీద మోపకూడదు. మోపితే ఏ నూనె రాసినా దండగే.

"గొర్రెలుండాయి గదమ్మా" అన్నాడు నాగన్న.

"నేను తోలుకుపోతా" అన్నాడు దస్తగిరి.

నాగన్న సామి వంక చూశాడు. సామి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మర్నాటి నుంచి దస్తగిరి ఇరవై రెండు గొర్రెల వెంట పడ్డాడు. గొర్రెలకి ఎమ్మెస్సీ ఏం తెలుసు? మొదటి వారం అవి అతన్ని గుట్ట చుట్టూ పరిగెత్తించి చేతికర్రని కూడా లెక్కచేయలేదు. అరికాలి నిండా పల్లేరుకాయలు దిగాయి. ఒక్కోటి పీకేటప్పుడల్లా అతను కాసేపు అలా కూర్చుండిపోయేవాడు. ముల్లు గుచ్చుకుందని తెలియడం ఎంత భాగ్యమో ఇన్నాళ్లూ అతనికి ఎవరూ చెప్పలేదు.

పొద్దుగూకేలోగా మంద తోలుకొచ్చి, చేతులు కడుక్కుని, నాగన్న కాలు ఒళ్లోకి తీసుకునేవాడు. సేరుకి మూడు చెంచాల నూనె. ఆ తర్వాత చేతి వెనకవైపుతో తడమడం. ముందు ఎడమకాలు, తర్వాత కుడికాలు, మళ్లీ ఎడమకాలు. మొదట్లో అతని చేతికి ఏమీ తెలిసేది కాదు. రెండు కాళ్లూ ఒకటే అనిపించేవి. పది రోజులకి పుండు దగ్గర వేడి, వేళ్ల దగ్గర చల్లదనం వేరుగా తెలియసాగాయి. ఇరవై రోజులకి నిన్నటి వేడికీ ఇవాళ్టి వేడికీ తేడా తెలిసింది. సామి ఒక్కోసారి వెనక నిలబడి చూసి పోయేవాడు.

నాగన్నతో దస్తగిరి గొర్రెల కబుర్లే చెప్పేవాడు. నల్లది కుంటుతోంది, కొమ్ముది ఈనేలా ఉంది, అని. నాగన్న చంకకర్రల మీద గుడిసె గడప దాకా వచ్చి మందని లెక్కపెట్టుకుని, తృప్తిగా తల ఊపేవాడు.

నలభై రోజులకి పుండు పైకి పూడిపోయింది. మడమ మీద లేత గులాబిరంగు తోలు వచ్చింది. పంచకి వచ్చేవాళ్లంతా చూసి సంతోషపడ్డారు. దస్తగిరి కూడా సంతోషపడ్డాడు. కానీ గడువుకి రెండు రోజుల ముందు సాయంత్రం, మడమ లోపలిపక్క అతని చేతికి ఒకచోట వెచ్చగా తగిలింది. మర్నాడు ఇంకాస్త వెచ్చగా తగిలింది. పైన చూస్తే ఎర్రదనం కూడా లేదు.

గడువు రోజు డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. ఆమె మొహం వికసించింది. "ఇంత బాగా మానుతుందనుకోలేదు" అంటూ కాగితం మీద రాయబోయింది. రాయబోయే ముందు అలవాటు కొద్దీ మడమని వేలితో నొక్కి, "ఇక్కడ నొప్పేమైనా ఉందా?" అంది.

నాగన్న మెల్లిగా దస్తగిరి వైపు తల తిప్పాడు.

"ఉంది మేడమ్" అన్నాడు దస్తగిరి. "అక్కడ కాదు. లోపలిపక్క, ఎముక కింద. మొన్న సాయంత్రం నుంచి వేడిగా ఉంది. నిన్న ఇంకా పెరిగింది."

ఆమె నమ్మలేనట్టు చూసి, అతను చూపించిన చోట వేలు పెట్టి లోతుగా నొక్కింది. ఇంకోసారి నొక్కింది. నర్సుని పిలిచి అప్పటికప్పుడు అక్కడ చిన్న గాటు పెట్టింది. లోపల మూసుకుపోయిన చీము చెంచాడు బయటికి వచ్చింది. కడిగి, మందు పెట్టి, ఆమె నుదురు తుడుచుకుంది.

"పైన మానిందని ఇవాళ నడవమని పంపేసేదాన్ని. వారం తిరక్కుండా ఎముకలోకి పోయేది. అప్పుడు కాలు తీయక తప్పేది కాదు" అంది. "ఇంక ఆ భయం లేదు. కాలు ఉంటుంది."

నాగన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆమె దస్తగిరి వంక తిరిగింది. "ఇతనికి ఈ కాలిలో స్పర్శే లేదు కదా. నొప్పి ఉందని నువ్వెలా చెప్పావు?"

దస్తగిరి నోరు తెరిచేలోగా నాగన్నే జవాబిచ్చాడు.

"కాలు నాదేనమ్మా. నొప్పి మాత్రం ఈ నాయన కాడ ఉండాది."

దస్తగిరి తల దించుకుని కట్టు చుట్టడం మొదలుపెట్టాడు.